స్వతంత్ర సమీక్షలో నా సంతకం

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే నల్గొండలో మా ఇంటి గేటు ముందర ఒక నడివయసు మనిషి నిలబడి, నేను సంతలో కొని తెచ్చి నాటుకున్న జామచెట్టుకు ఫోను ఎత్తిపట్టి ఫోటో తీస్తున్నాడు. ఎవరు నాయనా అని అడిగితే, ప్రభుత్వం పంచిన మొక్కల్లో ఎన్ని బతికాయో చూడడానికి వచ్చానని, తాను ప్రభుత్వం మనిషిని కానని, స్వతంత్ర సమీక్ష చేసే సంస్థ మనిషినని, ఆ ‘స్వతంత్ర’ అన్న మాట దగ్గర కొంచెం గొంతు పెంచి మరీ చెప్పాడు. ఈ చెట్టు నాకెవరూ పంచిపెట్టింది కాదని చెప్పాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. చెట్టు పచ్చగా ఉంది కదా మేడం, పక్కన నిలబడండి, ఒక్క ఫోటోతో అయిపోతుంది అన్నాడు. ఎండలో వచ్చిన మనిషి కదా అని చల్ల పోసి పంపించాను గాని, ఫోటోకు మాత్రం నిలబడలేదు.

ఆయన అటు వెళ్ళగానే నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకనే నోరంతా చేదైంది. ఎందుకంటే ఒకప్పుడు నేను కూడా అటువంటి స్వతంత్ర సమీక్షకురాలినే. జీపులో తిరిగాను, తిన్నాను, కాగితాలు నింపాను, చివరికి సంతకం కూడా పెట్టాను. ఇతరుల దొంగతనాలు చెప్పేవాళ్ళు మన ఈడువాళ్ళలో చాలామంది ఉన్నారు; నాది నేనే చెప్పుకుంటే కొంచెం బరువు దిగుతుందేమోనని ఇది రాస్తున్నాను.

నేను నల్గొండలో నీళ్ళ పరీక్షలు చేసే ప్రయోగశాలలో ఇరవై తొమ్మిదేళ్ళు అసిస్టెంటుగా పనిచేశాను. అసిస్టెంటుగా చేరి అసిస్టెంటుగానే దిగిపోయాను. ఊళ్ళ నుంచి సీసాలు వచ్చేవి: మందు సీసాలు, నూనె సీసాలు, ఒక్కోసారి పిల్లల పాల సీసాలు కూడా, మెడకు దారంతో కట్టిన చీటీ మీద ఊరి పేరు, బోరు ఉన్న జాగా. వాటిని కడిగిన గాజు గొట్టాల్లోకి వంచి, రసాయనం చుక్కలు వేసి, గులాబీ రంగు పసుపుకు తిరుగుతుందా లేదా అని కిటికీ వెలుతురులో చూసేవాళ్ళం. పసుపుకు తిరిగితే ఫ్లోరైడు ఉన్నట్టు. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన సీసాలైతే చుక్క పడగానే తిరిగేవి. మా పైన ఉన్న సారు కోపిష్టి మనిషి, ముక్కు మీద కోపం, కాని అంకె దగ్గర దేవుడు. రిజిస్టరులో ఒక్క అంకె కొట్టివేసి ఉంటే ఆ నీళ్ళు మళ్ళీ పరీక్ష చేయించేవాడు. ఆ అంకెలు చూసి పైవాళ్ళు ఏం చేసేవాళ్ళో అది వేరే కథ, ఏమీ చేసేవాళ్ళు కాదు. కాని అంకె మాత్రం అబద్ధం చెప్పేది కాదు. ఆ గర్వం ఒకటి నాకుండేది.

అంతకంటే దగ్గరి సంగతి మా అక్కది. నాకంటే ఏడేళ్ళు పెద్దది. మర్రిగూడ దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. వానల మీద ఆధారపడి పత్తి, కంది వేసుకునే ఇల్లు. పెళ్ళైన కొత్తలో రెండు బిందెలు నెత్తిన ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, చంకలో ఇంకొకటి పెట్టుకుని, దారి పొడుగునా మాట్లాడుతూ నడిచే మనిషి. నలభై దాటేసరికి మోకాళ్ళు ముడవడం కష్టమైంది. యాభైకల్లా నడుం వంగి, పొయ్యి ముందర కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడి రొట్టెలు చేసేది. ఆ ఊళ్ళో అది రోగం కింద లెక్క కాదు, వయసు కింద లెక్క. నేను సీసాలో చూసిన పసుపు రంగు మా అక్క ఎముకల్లో దిగుతున్నదని నాకు తెలుసు. తెలిసి చేసిందేమిటంటే, పోయినప్పుడల్లా నొప్పి గోళీలు తీసుకుపోవడం.

తరువాత ప్రత్యేక రాష్ట్రం వచ్చింది. ఆ రోజుల్లో మనందరికీ ఒక మైకం ఉండేది, దాన్ని నేను ఇప్పటికీ ఎగతాళి చేయలేను. మన ఊళ్ళకు నది నీళ్ళు శుద్ధి చేసి గొట్టాల్లో తెస్తామన్నారు, చెరువుల్లో పూడిక తీస్తామన్నారు, గుట్టలన్నీ పచ్చగా చేస్తామన్నారు. అన్నీ అబద్ధాలని కూడా చెప్పలేను, చాలా ఊళ్ళకు నీళ్ళు వచ్చాయి. మా అక్క వాళ్ళ ఇంటి ముందర కూడా నల్లా పెట్టారు. నేను ఉద్యోగం దిగి ఏడాదయిందో లేదో, హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఈ నీళ్ళూ చెట్లూ చెరువుల పథకాలు నడుస్తున్న తీరును స్వతంత్రంగా సమీక్షించే పని ఒక సంస్థకు ఇచ్చారని, నల్గొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల్లో నీటి నాణ్యత చూడడానికి అనుభవం ఉన్న నిపుణులు కావాలని, మీ పేరు ఎవరో చెప్పారని. ఆ రోజు రాత్రి అన్నం సయించలేదు. అసిస్టెంటు అన్న మాట తప్ప ఇంకొకటి వినని చెవులకు ‘నిపుణులు’ అన్న మాట తేనెలాగ పడింది.

మా బృందం ముగ్గురం. నాయకుడు ఒక విశ్రాంత అధికారి, మేము పెద్దసారు అనేవాళ్ళం. ఇటువంటి పథకాలనే పాత రాష్ట్రంలో ముప్పై ఏళ్ళు నడిపించి దిగిన మనిషి. అంటే దొంగ దిగిపోయి ఠాణేదారు అయినట్టు. ఇప్పుడు అనగలుగుతున్నాను గాని అప్పుడు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. రెండో ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి దిగిన లెక్చరరు, మంచివాడు, మెత్తనివాడు. మెత్తనివాళ్ళ వల్ల లోకానికి జరిగినంత చెడు గట్టివాళ్ళ వల్ల జరగలేదని నాకు ఆయన్ని చూశాకే అర్థమైంది. మూడో దాన్ని నేను. మా వెంట ఆ పథకాలు నడిపే శాఖ అధికారి ఒకాయన ఉండేవాడు, దారి చూపడానికట. మేము తిరిగే జీపు ఆ శాఖదే, మేము తినే కోడికూర ఆ శాఖ చేయించిందే, ఏ ఊరికి పోవాలో రాసిన కాగితం కూడా ఆయన జేబులో నుంచే వచ్చేది. ఇంక స్వతంత్రం ఎక్కడ ఉందయ్యా అంటే, అట్ట మీద అచ్చు వేసిన పేరులో ఉంది.

పెద్దసారు తాగే నీళ్ళు హైదరాబాదు నుంచి పెట్టెల్లో వచ్చేవి. నల్లా నీళ్ళు బాగున్నాయని కాగితం మీద రాసే మనిషి, ఆ నెల రోజుల్లో ఒక్క ఊరి నల్లా కింద దోసిలి పట్టలేదు. ముఖం కడుక్కోవడానికి కూడా సీసా మూత తిప్పేవాడు. ఒక ఊళ్ళో ముసలమ్మ ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తే, చేతులు జోడించి, ఇప్పుడే తాగానమ్మా అన్నాడు. ఆమె ఆ చెంబును కొంగుతో తుడిచి తీసుకుపోయింది.

మొదట ఆలంపూరు వైపు పోయాము. అమ్మవారి దర్శనం, నవబ్రహ్మల గుళ్ళు, ఒడ్డున నిలబడి తుంగభద్ర మీద గాలి, వీటికి ఒక పూట పట్టింది. మొక్కల సమీక్షకు గంట పట్టలేదు. రోడ్డు పొడుగునా గుంటలు, గుంటకొక కానుగ మొక్క, ప్రతిదానికీ ముళ్ళకంప, దూరం నుంచి చూస్తే కన్నుల పండుగ. లెక్చరరుగారు వంగి ఒకదాన్ని వేళ్ళతో పట్టుకుని లాగితే అది జడలో పువ్వు వచ్చినంత తేలికగా వచ్చేసింది. వేరు లేదు. ముందురోజు కొట్టి తెచ్చి గుచ్చిన కొమ్మ. పక్కది లాగాడు, అదీ కొమ్మే. ఎండిపోయిన గుంటల్లో మా కోసమని ఆకులున్న కొమ్మలు పాతిపెట్టారు. నేను పకాలున నవ్వాను. అధికారి మొహం ఎర్రబడుతుందేమోనని చూశాను, ఏమీ లేదు, కొన్ని కొమ్మలు కూడా నాటుకుంటాయండీ అన్నాడు.

అప్పుడు మన లెక్చరరుగారు ఏం చేయాలి? ముప్పై ఏళ్ళు పిల్లలకు వేరు అంటే ఏమిటో బొమ్మ గీసి చెప్పిన మనిషి. ఆ కొమ్మను మళ్ళీ గుంటలో గుచ్చి, మట్టి అదిమి, చేతులు దులుపుకున్నాడు. ఫారంలో బతికినవి, చచ్చినవి అని రెండే గడులు ఉన్నాయి. పెద్దసారు సలహా మీద మూడో గడి గీసి, ‘బతికే అవకాశం ఉన్నవి’ అని రాశాడు. తుది నివేదికలో ఆ మూడో గడి మొదటి గడిలో కలిసిపోయింది. నేను అది చూసి ఈ చెట్ల లెక్కలు ఎట్లా ఉన్నా, నా నీళ్ళ దగ్గర మాత్రం ఇటువంటి పప్పులు ఉడకవని లోలోపల మీసం మెలేశాను. ఆడదానికి మీసం ఎక్కడిదని అనకండి, ఆ రోజు నాకుండింది.

తిరిగి తిరిగి చివరి వారంలో మా అక్క వాళ్ళ ఊరికి పోయాము. ఆ ఊరు అధికారి కాగితంలో లేదు. నేనే పట్టుబట్టి చేర్పించాను. ఇంటింటికీ నల్లా ఉంది, నల్లాకు నీళ్ళు వస్తున్నాయి. శుద్ధి చేసిన నది నీళ్ళేనని అధికారి చెప్పాడు. అరుగు మీద నిలబడి చూస్తున్న మా బావ అప్పుడు మెల్లగా, వారంలో రెండు రోజులు నది నీళ్ళు, మిగతా రోజులు పాత బోరు మోటారు వేసి అదే ట్యాంకులోకి ఎక్కిస్తున్నారని, ఏ రోజు ఏ నీళ్ళు తాగుతున్నామో ఎవరికీ తెలియదని అన్నాడు. అధికారి అది తాత్కాలికమన్నాడు. ఎన్నాళ్ళ నుంచి తాత్కాలికమని బావ అడిగితే, ట్యాంకు కట్టిన నాటి నుంచి అని గుంపులో ఎవరో నవ్వారు.

నా దగ్గర సంచిలో గాజు గొట్టం, రసాయనం ఉన్నాయి. అక్క వాళ్ళ నల్లా కిందనే పట్టి, అందరి ముందర చుక్కలు వేశాను. గులాబీ రంగు కళ్ళ ముందరే కరిగి పసుపయింది. ఊళ్ళోవాళ్ళకు రంగుల అర్థం తెలియకపోయినా నా మొహం చూసి తెలిసిపోయింది. పెద్దసారు జీపులో నుంచే, ఈ చేతి పరీక్షలు నమ్మదగినవి కావమ్మా, ల్యాబులో చేయించాలి అన్నాడు. సరే, ల్యాబులోనే చేయిస్తాను అని రెండు సీసాలు పట్టి మూత బిగించాను. వాకిట్లో గోడ పట్టుకుని నిలబడి ఉన్న మా అక్క, నేను జీపు ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"చెల్లె, ఎంతోమంది వచ్చిండ్రు, సూసిండ్రు, పోయిండ్రు. నువ్వు మాదానివి. నువ్వన్న ఉన్నదున్నట్టు రాస్తవా?"

రాస్తానన్నాను. మాట ఇవ్వడం ఎంత సులువో ఆ రోజు తెలియలేదు.

నేను దిగిపోయాక నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి, నేను పని నేర్పిన పిల్లే, మూడుసార్లు పరీక్ష చేసి కాగితం మీద అంకె వేసి, కింద తన పేరు రాసి ఇచ్చింది. తాగకూడని నీళ్ళు. పిల్లలైతే అసలే తాగకూడని నీళ్ళు. ఆ కాగితం ముందర పెట్టుకుని నేను రెండు పేజీలు రాశాను. ఏ ఊళ్ళో ఏ ట్యాంకులో ఏ నీళ్ళు కలుస్తున్నాయో, ఎన్ని రోజులు కలుస్తున్నాయో, వెంటనే బోరు గొట్టం తీసేయాలని, నది నీళ్ళు చాలినంత ఎందుకు రావడం లేదో గొట్టం పొడుగునా నడిచి చూడాలని రాశాను. నా జన్మలో అంత మంచి తెలుగు ఎప్పుడూ రాయలేదు.

నివేదిక పూర్తయిందని హైదరాబాదుకు పిలిచారు. పెద్ద హాలు, చల్లటి గది, బిస్కెట్లు, పింగాణీ కప్పుల్లో టీ. అట్ట తీసి చూస్తే నా రెండు పేజీలు లేవు. వాటి జాగాలో ఒక్క వాక్యం ఉంది. ‘కొన్ని ఆవాసాలలో మిశ్రమ సరఫరా గమనించబడినది, మొత్తం మీద పరిస్థితి సంతృప్తికరము, మెరుగుదలకు అవకాశము కలదు.’ చదివినకొద్దీ అందులో నీళ్ళు లేవు, మనుషులు లేరు, గొట్టం లేదు. గమనించింది ఎవరో కూడా లేదు. అడిగాను. భయపడుతూనే అడిగాను. పెద్దసారు కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది; కళ్ళజోడు తీసి, కూతురికి చెప్పినట్టు చెప్పాడు.

"చూడమ్మా, ఒక్క ఊరి కోసం మొత్తం రాష్ట్రం పేరు పాడుచేస్తామా? మీ కాగితం ఎక్కడికీ పోదు, అనుబంధంలో పెడతాం. సంతకం చేయండి."

అనుబంధం అన్న మాట విన్నారా? మన ఆఫీసుల్లో నిజాన్ని పాతిపెట్టే గుంటకు ఆ పేరు. అది నాకు తెలియనిది కాదు. ముప్పై ఏళ్ళు సర్కారు కాగితం వాసన పీల్చిన దాన్ని. అయినా చివరి పేజీలో నా పేరు అచ్చులో కనిపించింది, పేరు కింద ‘నీటి నాణ్యతా నిపుణురాలు’ అని ఉంది. దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. పక్కన లెక్చరరుగారు అప్పటికే పెట్టేసి పెన్ను మూత బిగిస్తున్నాడు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఏమీ ఇస్తామనలేదు. పెద్దసారుకు కనీసం ఒక పదవి మీద ఆశ ఉంది, అధికారికి ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. నాకు ఏదీ లేదు, ఒక్క అచ్చుపేరు కోసం పెట్టాను. వాళ్ళను ఎంత తిట్టినా ఆఖరుకు తిట్టు నా మీదికే వస్తుంది.

తరువాత నాలుగైదు నెలలకు మా బావ నల్గొండ వచ్చాడు. బస్సు దిగి నేరుగా వచ్చాడు, భోజనానికి లేవమంటే లేవలేదు. ఊరివాళ్ళంతా కలిసి నీళ్ళ మీద దరఖాస్తు పెట్టుకున్నారట. దానికి జవాబు వచ్చింది. స్వతంత్ర సమీక్షలో ఈ విషయం పరిశీలించబడి సంతృప్తికరంగా ఉన్నట్టు తేలినందున దరఖాస్తు మూసివేయబడినది అని. కింద రుజువుగా ఆ నివేదిక చివరి పేజీ నకలు జత చేశారు. బావ ఆ పేజీని మడత విప్పి, నా ముందర బల్ల మీద పెట్టి, గరుకు వేలితో చూపించాడు.

"పిల్లా, గీ సంతకం నీదేనా?"

నాదే అన్నాను. బావ ఆ కాగితాన్ని మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టలేదు. అక్కకు ఇంకా చెప్పలేదని, దానికి చదువు రాదు కాబట్టి చెప్పకుంటే తెలియదని, కాని ఊళ్ళో చదువుకున్న పిల్లలున్నారని అన్నాడు. ఆ మాటల్లో నన్ను కాపాడాలన్న ఆలోచన ఉంది చూడండి, అది చెప్పుతో కొట్టినట్టయింది. అనుబంధంలో పెడతామన్న నా రెండు పేజీలు ఏమయ్యాయో కనుక్కుందామని మరునాడు ఫోను చేస్తే, అనుబంధాలు అచ్చు వేయలేదమ్మా, పుస్తకం లావవుతుందని, అని ఎవరో గుమాస్తా చెప్పాడు.

ఆ వారమే నేను అక్క వాళ్ళ ఊరికి పోయాను. జీపు లేదు, బస్సులో పోయి, దిగినచోట ఆటో పట్టుకుని పోయాను. అక్కకు నేనే చెప్పాను. గోడకు ఆనుకుని నిలబడి అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "అయితే ఇప్పుడేం జేద్దాం?" అన్నది, అంతే. సాయంత్రం ఊరి ఆడవాళ్ళను వాకిట్లోకి పిలిచింది. నేను మళ్ళీ గాజు గొట్టం తీసి, ఈసారి ఎవరికీ నివేదిక రాయడానికి కాదు, వాళ్ళకు చూపించడానికి చుక్కలు వేశాను. రంగు ఎందుకు తిరుగుతుందో, తిరిగిన నీళ్ళు పిల్లల ఎముకల్లో ఏం చేస్తాయో, ఉన్న మాట ఉన్నట్టు చెప్పాను. నా సంతకం సంగతి కూడా చెప్పాను. ఒకామె లేచి, గంత సదువుకొని గిదా జేసేది అని నా మొహం మీదనే అన్నది. తలవంచుకుని విన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నా పని మీద నేను విన్న మొట్టమొదటి నిజమైన సమీక్ష అది.

మరునాడు పొద్దున మా బావ, ఇంకొక ఇద్దరు రైతులు ఆక్సా బ్లేడు తీసుకుని ట్యాంకు దగ్గరకు పోయి, బోరు నుంచి ట్యాంకులోకి ఎక్కే గొట్టాన్ని జానెడు మేర కోసి తీసేశారు. నీళ్ళు వదిలే మనిషి అడ్డం రాబోయి, వెనక నిలబడ్డ ఆడవాళ్ళను చూసి, నా కొలువు పోతది అని మాత్రం అని పక్కకు జరిగాడు. మూడు రోజులు ఊరు ఊరంతా నీళ్ళకు అల్లాడింది. ట్రాక్టరు మీద డ్రమ్ములతో పక్క మండలం నుంచి తెచ్చుకున్నారు. నాలుగో రోజు ఖాళీ బిందెలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నారు. అక్క కింద కూర్చోలేదు కాబట్టి కుర్చీ వేయించుకుని కూర్చుంది. గొట్టం కోసినందుకు కేసు పెడతామని వచ్చిన అధికారులు, ఫోటోలు తీస్తున్న పత్రికలవాళ్ళను చూసి కేసు మాట మరచిపోయి, నది నీళ్ళ గొట్టం వెంట నడవడం మొదలుపెట్టారు. ఆ గొట్టం వేసిన నాటి నుంచి దాని వెంట ఎవరైనా నడవడం అదే మొదటిసారి.

అరగంట నడిచారు. పత్తిచేల మధ్య సిమెంటు మూత కింద ఒక వాల్వు ఉంది. దాన్ని మొదట్లో నీళ్ళు వదిలి చూసిన రోజున, కింది ఊళ్ళకు కూడా పారాలని సగం మూసి, తరువాత తెరవడం మరచిపోయారు. అంతే సంగతి. కుట్ర లేదు, లంచం లేదు, నదిలో నీళ్ళు తక్కువై కాదు. రెండేళ్ళకు పైగా ఒక ఊరు విషం తాగింది ఒక మనిషి పానా పట్టుకుని నాలుగు చుట్లు తిప్పనందుకు. తుప్పు పట్టి బిగుసుకుపోతే కిరసనాయిలు పోసి తిప్పారు. ఆ సాయంత్రమే ట్యాంకు నిండింది. సమీక్ష కోసమని ఒక నెల జీపు తిప్పిన మేము ముగ్గురం, మధ్యాహ్నం భోజనం ఒక అరగంట ఆలస్యం చేసుకుని నడిచి ఉంటే దొరికిపోయేది. నడిచి చూడాలని నేనే రాశాను కూడా. రాసిన దాన్ని, నేనెందుకు నడవలేదు?

ఆ తరువాతి సంగతి వింటే మీకూ నవ్వొస్తుంది. రెండేళ్ళకు ఇంకొక సమీక్ష పుస్తకం వచ్చింది. అందులో మా అక్క వాళ్ళ ఊరి ఫోటో ఉంది, బిందె పట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్ళు. శాఖవారి నిరంతర పర్యవేక్షణ వల్ల ఈ గ్రామం ఆదర్శంగా నిలిచిందని రాశారు. ఆక్సా బ్లేడు సంగతి ఎక్కడా లేదు. ఈ పుస్తకానికి కూడా నాయకుడు పెద్దసారే. ఈసారి కూడా రమ్మని నాకు ఫోను చేయించాడు. రానన్నాను. ఎందుకని అడిగితే, మోకాళ్ళ నొప్పులని చెప్పాను. అప్పుడైనా నిజం చెప్పి ఉండవలసింది. చెప్పకపోవడం అలవాటైపోయింది.

అక్క ఆ మంచి నీళ్ళు ఐదారేళ్ళు తాగింది. బిగుసుకున్న ఎముకలు నీళ్ళు మారితే మెత్తబడవు. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. దవాఖానలో చివరి రోజుల్లో పక్కన కూర్చుంటే, మనవరాలు గట్ల ఉరుకుతాంటే సూస్తివా, దాని కాళ్ళు సక్కగున్నయి, అని మురిసిపోయింది. అక్క పోయి మూడేళ్ళయింది.

మొన్న సంవత్సరీకానికి ఆ ఊరికి పోయాను. నల్లా తిప్పితే నీళ్ళు వస్తున్నాయి, మంచి నీళ్ళే, అలవాటు చొప్పున పరీక్ష చేసి చూసుకున్నాను. మేము అరుగు మీద కూర్చుని ఉండగానే వీధిలోకి ఒక జీపు వచ్చింది, మెడలో కార్డులు వేసుకున్న వాళ్ళు దిగారు. నా చిన్నతనంలో, ఆ మాటకొస్తే రాష్ట్రం వచ్చిన కొత్తలో కూడా, ఊళ్ళోకి జీపు వస్తే మన జనం ఎట్లా ఉరికి వచ్చేవాళ్ళో మీకు గుర్తుండే ఉంటుంది. చేతిలో పని వదిలేసి, తడి చేతులు తుడుచుకుంటూ, చెప్పుకోవలసినదంతా ఒక్కసారిగా చెప్పుకుంటూ వచ్చేవాళ్ళు. చూడడానికి వచ్చిన మనిషి చూస్తాడని, చూసినవాడు రాస్తాడని, రాస్తే ఏదో ఒకటి జరుగుతుందని వాళ్ళకు నమ్మకం. మొన్న ఒక్కరు కూడా లేవలేదు. కంది పప్పు చెరుగుతున్న ఆమె చేట ఆపలేదు. బావ ఒకసారి అటు చూసి, మళ్ళీ నాతో మాటలో పడ్డాడు. నీళ్ళు వాళ్ళు తెచ్చుకున్నారు, బాగానే తెచ్చుకున్నారు. కాని ఎవరైనా వస్తే చెప్పుకుందామని మనుషుల ముఖాల్లో కనిపించే ఆ ఎదురుచూపు ఇక ఆ ఊరికి ఏ గొట్టంలోనూ రాదు.